తార్నాక దాకా ఇంగ్లీషు

మొన్న పొద్దున మందుల డబ్బా ముందు పెట్టుకుని, ఏది పరగడుపున వేసుకోవాలో ఏది టిఫిను తిన్నాక వేసుకోవాలో తేలక విసుక్కుంటూ ఉండగా ఫోను మోగింది. ఎత్తితే ఎవరో కుర్రవాడి గొంతు, ఎక్కడా తడబాటు లేని ఇంగ్లీషు. ఫలానా ఊరి నుంచి మాట్లాడుతున్నానని, మా బావకు వరసకు మనవణ్ణని, అంటే ఆయన అన్నగారి కొడుకు కొడుకునని చెప్పుకున్నాడు. "గ్రాండ్‌పా ఈజ్ నో మోర్, అంకుల్" అన్నాడు. రాత్రి నిద్రలోనే పోయారట, ఏ బాధా పడలేదట, మధ్యాహ్నానికల్లా కార్యక్రమం అయిపోతుందట. ఇవతల నా నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి పాపం కంగారు పడ్డట్టున్నాడు, "ఆర్ యూ ఓకే, అంకుల్?" అని అడిగాడు. నేను ఠక్కున "అయామ్ ఫైన్, థాంక్యూ" అన్నాను.

ఫోను పెట్టేశాక నా మాటకు నాకే రోత పుట్టింది. ప్రాణానికి ప్రాణమైన మనిషి పోయాడని చెబితే నేను బాగున్నాను, కృతజ్ఞుణ్ణి అని జవాబిచ్చేవాణ్ణి ఏమనాలి? మా అమ్మాయి వంటింట్లోంచి ఎవరు నాన్నా అంటే మందుల డబ్బా మూత పెట్టేశాను. కాసేపటికి నా మీద కోపం తగ్గింది, ఎందుకంటే ఆ ముక్క నా నోటికి అలవాటు చేసింది ఆ పోయినవాడే.

బావ అన్నాను కదా అని చుట్టరికం వెతక్కండి. మాది అనంతపురం జిల్లాలో మెట్ట పొలాల ఊరు, వాళ్ళది జనగామ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. కులాలు వేరు, తిండి వేరు, ఆఖరికి మాట్లాడే తెలుగు కూడా వేరే. అరవైల చివర్లో ఎం.ఏ. చరిత్రలో చేరి యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో పడ్డాం, అంతే. మొదట్లో ఒకరి మాట ఒకరికి అందేది కాదు. నేను "యాడికి పోతాండావప్పా" అంటే అతను పగలబడి నవ్వేవాడు, అతను "జర ఆగు, గీడ్నే ఉంట" అంటే నేను రెండోసారి చెప్పించుకునేవాణ్ణి. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడానికి ఏదో ఒక వరస కావాలి గనక బావా అని మొదలుపెట్టాం, మన ఈడువాళ్ళంతా అలాగే కదా పరాయివాళ్ళను సొంతం చేసుకున్నది. హాస్టల్ మొత్తానికి మేమిద్దరం బావలమే అయిపోయాం, అసలు పేర్లు రిజిస్టర్లో ఉండిపోయాయి.

ఆ రోజుల్లో పల్లెటూరి బళ్ళలో చదివి వచ్చినవాళ్ళ ఇంగ్లీషు ఎలా ఉండేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. చేతికి వచ్చినది నోటికి రాదు. మొగలుల భూమిశిస్తు గురించి పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే, కానీ పక్కవాణ్ణి కాస్త జరగమని ఇంగ్లీషులో అడగాలంటే చెమటలు పట్టేవి. అక్కడ చూస్తే పాఠం ఇంగ్లీషులో, ప్రశ్న ఇంగ్లీషులో, ఆఖరికి క్లాసు బయట వరండాలో సిటీ పిల్లల జోకులు కూడా ఇంగ్లీషులో. మేము వెనక బెంచీల్లో కూర్చుని, అందరూ నవ్వినప్పుడు మేమూ నవ్వి, ఎందుకు నవ్వామో తర్వాత గదిలో చర్చించుకునేవాళ్ళం.

చేరిన కొత్తలోనే ఒకరోజు బావ క్లాసుకి ఆలస్యంగా వచ్చాడు. ఊరి నుంచి ఎవరో బియ్యం మూట తెస్తే సికింద్రాబాద్ స్టేషనుకు పోయి తీసుకుని, బస్సు దొరక్క పరుగెత్తుకుంటూ వచ్చాడు. మా ప్రొఫెసరుగారు చెడ్డవాడేం కాదు, ఎందుకు ఆలస్యమైందని మామూలుగానే అడిగారు, ఇంగ్లీషులో. బావ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. బియ్యం మూటా, స్టేషనూ, రాని బస్సూ అన్నీ అతని గొంతులో అడ్డం పడ్డాయి గానీ ఒక్క మాట పెగల్లేదు. ఆయన ఇంకోసారి అడిగారు, ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆయన చెయ్యూపి కూర్చోమన్నారు. ఇంతే జరిగింది. ఇలాంటివి మన అందరికీ జరిగే ఉంటాయి, దులిపేసుకుని ఉంటాం. బావ దులిపేసుకోలేదు. ఆ పూట మెస్సుకు రాలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

దానికి కారణం ఉంది. తండ్రి చిన్నప్పుడే పోతే వాళ్ళన్న చదువు మానేసి నాగలి పట్టాడు, తమ్ముణ్ణి మాత్రం చదివించాడు. ఊళ్ళో అందరూ ఇద్దరు మగపిల్లలుండి ఒక్కడే ఎందుకు సేద్యం చేస్తున్నాడని ఎత్తిపొడిచేవాళ్ళట. మా తమ్ముడు లెక్చరర్ అయితడు అని ఆయన అందరికీ ఒకే సమాధానం చెప్పేవాడట. లెక్చరర్ కావాలంటే ఎం.ఏ. పాసైతే చాలదు, ఇంటర్వ్యూలో నలుగురు పెద్దమనుషుల ముందు కూర్చుని నోరు విప్పాలి. ఎందుకు ఆలస్యమైందో చెప్పలేనివాడు అక్కడ ఏం చెబుతాడు? తాను మూగవాడిలా నిలబడితే అన్న ఎడ్లతో మోట తోలి బావి నీళ్ళు తోడిన ఏళ్ళన్నీ మట్టిపాలే, ఇదీ అతని భయం. మరునాడు పొద్దున లేచి మొహం కడుక్కోకుండానే అన్నాడు: "బావా, నాకు ఇంగ్లీష్ మాట్లాడుడు రావాలె. రాకపోతే మా అన్నకు మొకం సూపియ్యలేను."

పాత పుస్తకాలు పేవ్‌మెంటు మీద అమ్మే చోట, అట్ట చిరిగిపోయిన ఒక బక్క పుస్తకం దొరికింది. ఇంగ్లీషు సంభాషణలు నేర్పే పుస్తకం, ఎప్పుడో తెల్లదొరల కాలంలో మద్రాసులో అచ్చయినట్టుంది. స్టేషనులో ఏం మాట్లాడాలి, దర్జీ దగ్గర ఏం మాట్లాడాలి, భోజనాల బల్ల దగ్గర ఏం మాట్లాడాలి, అన్నీ వరసగా ఉండేవి. ఈ కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉందని చెప్పడం మేమిద్దరం ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాం, ఇద్దరికీ కోటన్నది లేదు. గదిలో కూర్చుని మాట్లాడదామంటే పక్క గదులవాళ్ళు తలుపు దగ్గర చేరి ఇకిలించేవాళ్ళు. అందుకని బావ ఒక పద్ధతి పెట్టాడు. సాయంత్రం చాయ్ తాగడానికి మేము రోజూ క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచిపోయేవాళ్ళం కదా, పోయేటప్పుడు హాస్టల్ మెట్లు దిగిన దగ్గర్నుంచి ఇరానీ హోటల్ గడప దాకా ఇంగ్లీషు తప్ప మరో మాట రాకూడదు. గడప దాటితే ఆ నియమం తీరిపోయినట్టే, తిరిగి వచ్చే దారంతా తెలుగు. పోయేటప్పుడు బావా అనడం కూడా నిషేధం, మిస్టర్ అనాలి.

అప్పటి ఆ దారి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అటూ ఇటూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ ప్రొఫెసర్ల బంగళాలు, సాయంత్రమైతే నక్కలు కూడా కూసేవి. ఎప్పుడన్నా ఒక సైకిలో రిక్షానో తప్ప మనిషి అలికిడి ఉండేది కాదు. ఆ నిర్మానుష్యంలో మేమిద్దరం, అతను పొడుగ్గా నేను పొట్టిగా, పైజామాలు చెప్పుల్లో తట్టుకుంటూ, ద వెదర్ ఈజ్ ప్లెజంట్ మిస్టర్, యెస్ ఇండీడ్ మిస్టర్, హౌ ఈజ్ యువర్ హెల్త్, అయామ్ ఫైన్ థాంక్యూ అనుకుంటూ నడిచేవాళ్ళం. ఏప్రిల్ ఎండ మాడు పగలగొడుతున్నా మా వెదర్ ప్లెజంటే, జ్వరమొచ్చి లేచిన మర్నాడు కూడా మేము ఫైనే, ఎందుకంటే మాకు వచ్చినవి అవే. ఇందులో ఒక విచిత్రం ఉండేది. ఇంగ్లీషు దారిలో మేమెన్నడూ పోట్లాడుకోలేదు. పోట్లాటకు కావలసిన మాటలు ఆ పుస్తకంలో లేవు. ఆంధ్రా వాళ్ళు తెలంగాణ వాళ్ళు అన్న మాట అప్పటికే మెస్సు బల్లల దగ్గర కాస్త కాస్త వేడెక్కుతోంది, మేమూ దాని మీద గొంతులు పెంచుకునేవాళ్ళమే, కానీ అదంతా తిరుగు దారిలోనే. తార్నాక దాకా మేమిద్దరం ఊరూ పేరూ అమ్మా నాన్నా లేని ఇద్దరు మర్యాదస్తులం, అంతే.

హోటల్లో చాయ్ ఒకటి తెప్పించి రెండు కప్పుల్లో పంచుకునేవాళ్ళం. మొదటి గుక్క గొంతు దిగిందో లేదో, అంతసేపూ బిగబట్టుకున్న తెలుగంతా ఒక్కసారి బయటికొచ్చేది. ఇంటి నుంచి వచ్చిన కబుర్లూ, వానలూ, ఎవరి పెళ్ళో, ఎవరి తగాదానో, మెస్సులో పురుగుల చారూ, ముందు బెంచీ పిల్లల పొగరూ అన్నీ తిరుగు దారిలోనే. నిజం చెప్పొద్దూ, నాకు తిరుగు దారే ఇష్టంగా ఉండేది. బావకు మాత్రం పోయే దారి ఇష్టం.

ఆ చలికాలంలో వాళ్ళన్న తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చాడు. మోకాళ్ళ మీదికి ధోవతి, భుజం మీద తువ్వాలు, సంచి నిండా కంకులు. సన్నగా, నల్లగా, నవ్వితే చిగుళ్ళు కనపడేలా నవ్వే మనిషి. గదిలో మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు, కింద కూర్చుని మా పుస్తకాల వంక కాసేపు చూసి, సాయంత్రం మాతో చాయ్‌కి బయలుదేరాడు. అతిథి వచ్చాడు గనక ఆ పూటకి నియమం ఉండదనుకుని నేను తెలుగులోనే ఏదో అన్నాను. ఆయన ఊరుకోలేదు. తమ్ముడు రోజూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ పోతాడని ఆయనకు ముందే తెలుసు. "నువ్వు సుత మాట్లాడు తమ్మీ, ఆగొద్దు. నేను ఎనకనే ఇనుకుంట నడుస్త" అన్నాడు.

మేమిద్దరం ముందు, ఆయన నాలుగడుగులు వెనక. చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త ఒక పక్కకు వంచి, తార్నాక దాకా అలాగే నడిచాడు. మా దగ్గర ఉన్న సరుకంతా ఆ రోజు బయటికి తీశాం. కోటు బిగుతు గురించి, లగేజీ గురించి, ఇంకో కప్పు టీ తీసుకుంటారా అన్నదాని గురించి, ఇండీడ్‌లూ డిలైటెడ్‌లూ ధారాళంగా వాడేశాం. నాకు లోపల నవ్వు ఆగడం లేదు, బావ మాత్రం ఇంటర్వ్యూలో కూర్చున్నంత గంభీరంగా ఒక్కొక్క మాటా విడివిడిగా పలికాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కళ్ళలో నీళ్ళు. హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "సమజ్ కాలేదు గని, మస్తున్నది. వాన వడ్డట్టున్నది ఇంటుంటే" అన్నాడు. మేమేదో దేశాన్ని నడిపే సంగతులు మాట్లాడుకున్నామనుకున్నాడు ఆయన. అది దర్జీ కొలతల ముచ్చటని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోయేటప్పుడు తమ్ముడి దగ్గర ఒక మాట తీసుకున్నాడు. రెండో ఏడులో ప్రతి ఒక్కరూ క్లాసు ముందు నిలబడి సెమినార్ చదవాలని, అందరూ అడిగే ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబు చెప్పాలని బావ చెబితే, ఆ రోజు తనకు కబురు చేయాలన్నాడు. లోపలికి రానీకపోయినా ఫరవాలేదు, వరండాలో స్తంభం పక్కన నిలబడి వింటాడట. ఆ మాట పట్టుకుని బావ ఏం చదివాడని! తార్నాక దారి సరిపోక పొద్దున్నే ఒక్కడూ బండల్లోకి పోయి, గొంతెత్తి తనకు తనే ప్రశ్నలూ జవాబులూ చెప్పుకునేవాడు. ఎండాకాలం సెలవుల నుంచి తిరిగి వచ్చేసరికి పుస్తకంలో లేని వాక్యాలు కూడా ఒకటీ అరా వస్తున్నాయి. ఇంట్లోనూ మంచి రోజులు వచ్చాయి. మోట పోయి బావి మీద కరెంటు మోటారు వచ్చింది, అన్నకు ఒళ్ళు హూనం కావడం తప్పిందని చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయాడు. అతని సెమినార్ తారీఖు కూడా పడింది. అన్నకు కబురు వెళ్ళింది, వస్తానని ఆయన నుంచి జవాబూ వచ్చింది.

సెమినార్ ఇంకో వారం ఉందనగా, ముసురు పట్టిన ఒకరోజు నేను లైబ్రరీలో ఉండి సాయంత్రానికి గదికి వచ్చాను. బావ అప్పటికే తయారై మెట్ల మీద నిలబడి ఉన్నాడు. తల దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో గుడ్డసంచి పట్టుకుని ఉన్నాడు. "గుడ్ ఈవెనింగ్, మిస్టర్" అన్నాడు. సంచి చూసి ఎక్కడికని అడిగాను, ఇంగ్లీషులోనే, మెట్లు దిగేశాం గనక. ఇంటికి పోతున్నానన్నాడు. తర్వాత కాస్త ఆగి, "మై లగేజ్ ఈజ్ లైట్" అన్నాడు. స్టేషను పాఠంలో వాక్యం అది. ఓహో, ఈ రోజు సంచితో సహా స్టేషను పాఠం అభ్యాసం చేయిస్తున్నాడు కాబోలు అనుకుని నేను కూడా హుషారుగా దానికి పుస్తకంలో ఉన్న జవాబే ఇచ్చాను, "ఐ విష్ యూ ఎ ప్లెజంట్ జర్నీ" అని. "అయామ్ మచ్ ఆబ్లైజ్డ్ టు యూ" అన్నాడు బావ.

దారంతా అతనే మాట్లాడాడు. వర్షం గురించి, చెట్ల గురించి, తడిసిన రోడ్డు గురించి. ఎప్పటికన్నా కాస్త గట్టిగా, కాస్త నిదానంగా, ఒక్కొక్క మాటా తేటగా. ఇంత చక్కగా ఎప్పుడు నేర్చుకున్నాడా అని నాకు ఆశ్చర్యమేసింది. నడుస్తూ నడుస్తూ మధ్యలో తల తిప్పి వెనక్కి చూశాడు. నేనూ చూశాను. రోడ్డు మీద నీళ్ళు తప్ప ఎవరూ లేరు. హౌ ఈజ్ యువర్ హెల్త్, మిస్టర్ అని నేను అడిగాను, మొహం వాడి ఉందనిపించి. "అయామ్ ఫైన్, థాంక్యూ" అన్నాడు.

హోటల్ ముందు ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు లాలాపేట్‌లో ఉండే వాళ్ళ మేనమామ, నాకు ముఖ పరిచయం ఉంది. రెండో ఆయన వాళ్ళ ఊరి మనిషి. మేనమామ మమ్మల్ని చూడగానే తువ్వాలు నోట్లో కుక్కుకుని, "ఎంత పనాయె బిడ్డా" అంటూ వచ్చి బావను పట్టుకున్నాడు. అప్పటిదాకా నిటారుగా నడిచి వచ్చిన మనిషి అప్పుడు, హోటల్ గడప దగ్గర, మేనమామ భుజం మీదుగా నా వంక చూసి తెలుగులో అన్నాడు: "అన్న పోయిండు బావా. పొద్దుగాల తడి చేతుల్తోని మోటారు స్టార్టర్ పట్టుకున్నడు."

ఆ ఊరి మనిషి మధ్యాహ్నమే హాస్టల్‌కి వచ్చి బావకు సంగతి చెప్పాడు. సాయంత్రం రైలు దాకా ఎలాగూ వేరే బండి లేదు, ఈలోగా మేనమామకు చెప్పి తీసుకొస్తానని, నువ్వు తార్నాకకు రమ్మని లాలాపేట్ వెళ్ళాడు. అంటే బావకు మధ్యాహ్నం నుంచీ తెలుసు. తెలిసే తల దువ్వుకుని, నా కోసం మెట్ల మీద నిలబడి, వాన గురించి, చెట్ల గురించి మాట్లాడుతూ నడిచాడు. నేను ఏడుస్తూనే అతణ్ణి కోప్పడ్డాను, ఇంతసేపూ నాకు ఎందుకు చెప్పలేదని రెక్క పట్టుకుని ఊపేశాను. "దారి పొడుగునా అన్న ఎనక నడుస్తున్నట్టే ఉండె బావా. ఆపబుద్ధి కాలే" అన్నాడు.

బస్సు వచ్చింది. నేనూ ఎక్కబోతే వారించాడు, ఇద్దరి చదువూ చెడడం ఎందుకు, నువ్వుండు అని. ముగ్గురూ సికింద్రాబాద్ బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం తిరుగు దారిలో నేను ఒక్కణ్ణే నడిచాను. చీకటి పడకుండానే గదికి చేరాను గానీ, ఎలా చేరానో నాకు గుర్తు లేదు.

వారం తిరిగాక సెమినార్ రోజున ప్రొఫెసరుగారు బావ పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచారు. నేను లేచి నిలబడి, అతని అన్న చనిపోయాడని, అతను ఇక రాడని, ఇంగ్లీషులో చెప్పాను. ఏ పుస్తకమూ నేర్పని వాక్యం అది, క్లాసులో నా అంతట నేను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. ముందు బెంచీలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పాఠం ఆపేశారు. వరండాలో స్తంభం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

బావ నిజంగానే రాలేదు. అన్నకు ఇద్దరు చిన్న పిల్లలు, వదిన, ముసలి తల్లి, అప్పుడే వేసిన పంట, వీటన్నిటినీ వదిలి ఏ ముఖంతో వస్తాడు? కొత్త సంవత్సరం మొదట్లోనే ప్రత్యేక రాష్ట్రం గొడవలతో కాలేజీలు మూతపడితే నేను మా ఊరికి వెళ్ళిపోయాను, ఆ రోజుల్లో బావ వాళ్ళ ఊరివైపు పోవడం కూడా కుదిరేది కాదు. ఎలాగో పరీక్షలు రాశాను, కర్నూలు వైపు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో పెద్దమనుషులు అడిగినవాటికి టకటకా జవాబులు చెబుతుంటే, ఈ కుర్చీలో కూర్చోవలసినవాడు వేరే ఉన్నాడని నాకు అనిపిస్తూనే ఉంది. ఉద్యోగం వచ్చిన సంతోషం నాకు ఏనాడూ పూర్తిగా లేదు, ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

కొన్నేళ్ళకు పరీక్ష పేపర్లు దిద్దడానికి హైదరాబాదు వచ్చినప్పుడు పని గట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. బావ అచ్చం వాళ్ళన్నలాగే తయారయ్యాడు, అదే ధోవతి, అదే తువ్వాలు, చిగుళ్ళు కనపడే అదే నవ్వు. అన్న పిల్లల్ని జనగామలో కాన్వెంటుకు పంపుతున్నాడు. మోటారు దగ్గరికి తీసుకుపోయి, కాళ్ళ కింద కర్రపలక వేయనిదే ఎవర్నీ స్టార్టర్ ముట్టుకోనివ్వనని చూపించాడు. సాయంత్రం రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చాడు, రెండు పక్కలా మక్కచేను. నాకు ఉండబట్టలేక, పాత రోజులు కదా అని, "ద వెదర్ ఈజ్ ప్లెజంట్, మిస్టర్" అన్నాను. అతను చేను అంచున ఒక ఆకు తెంపాడు. కొంత దూరం నడిచాక, "ఇనేటోడు లేడు గద బావా, ఇంక ఎవలికోసం మాట్లాడాలె" అన్నాడు. నేను మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ తర్వాత ఎప్పుడన్నా ఒక కార్డు ముక్క, ఈమధ్య ఎప్పుడన్నా ఒక ఫోను. ఎప్పుడు మాట్లాడినా వానలు, పంటలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ తెలుగులోనే. మొన్న ఫోనులో ఆ కుర్రవాడి ఇంగ్లీషు వింటే అర్థమైంది, బావ నోట్లో ఆగిపోయినది రెండు తరాలు దాటి ఆ పిల్లవాడి నోట్లో ఇలా వరదలా పారుతోందని. తాత చావును కూడా అంత సాఫీగా చెప్పగలుగుతున్నాడు. సంతోషించాల్సిన సంగతే, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికే అయిపోయే కార్యక్రమానికి ఈ మోకాళ్ళతో నేను చేరుకోలేనని అమ్మాయి వద్దంది. ఇప్పుడు ఉంటున్నది హైదరాబాదులో అమ్మాయి ఇంట్లోనే గనక, ఊరికే కూర్చోలేక సాయంత్రం ఆటో మాట్లాడుకుని క్యాంపస్‌లోకి పోయి, పాత హాస్టల్ మెట్ల దగ్గర దిగి, అక్కణ్ణుంచి తార్నాక దాకా నడిచాను. నక్కలూ లేవు, సీతాఫలాలూ లేవు, మన ఇరానీ హోటల్ ఉన్న చోట ఏదో సెల్‌ఫోన్ల దుకాణం, దాని ఎదురుగా మెట్రో స్తంభాలు. దారి నిండా పిల్లలు, చెవుల్లో వైర్లు పెట్టుకుని, గలగలా ఇంగ్లీషు మాట్లాడుకుంటూ నన్ను దాటుకుపోయారు. మా కాలంలో ఆ దారిలో ఇంగ్లీషు మాట్లాడడానికి ఇద్దరమే ఉన్నాం, కానీ అర్థం కాకపోయినా కళ్ళలో నీళ్ళు పెట్టుకుని వినేవాడొకడు ఉండేవాడు. ఇప్పుడు అందరికీ వచ్చు, ఒకరిది ఒకరు వినే తీరిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

నేను నియమం తప్పలేదు. మెట్లు దిగిన దగ్గర్నుంచి వెదర్ గురించి, నా ఆరోగ్యం గురించి, తేలికైన నా లగేజీ గురించి, వెనక నడిచేవాళ్ళకు వినపడేంత గట్టిగా, నిదానంగా నాకు నేనే మాట్లాడుకుంటూ వెళ్ళాను. ఎవరన్నా చూసి ఉంటే ముసలాయనకు మతి తప్పిందనుకుని ఉంటారు. ఆ సెల్‌ఫోన్ల దుకాణం గడప దగ్గర ఆగాను. ఇక తెలుగు మాట్లాడవచ్చు. తిరుగు దారిలో బావా అని పిలవడానికి ఎవరూ లేరు గనక, నోరు మూసుకునే ఇంటికి వచ్చాను.